నిమ్మకాయలో ఉంగరం లేని రోజు

నేను ముప్పై ఏళ్ళకు పైగా మ్యాజిక్ చేశాను. పెద్ద పట్టణాల హాళ్ళలో కాదు. నారాయణఖేడ్ బస్టాండులో ఎక్కి, ఆట చూపించి, చీకటి పడేలోగా ఇల్లు చేరగలిగినంత దూరంలోనే. బడులు, హాస్టళ్ళు, జాతరలు, మహిళా సంఘాల మీటింగులు, క్రిస్మస్ ముందు చర్చి కార్యక్రమాలు. మొదటి పన్నెండేళ్ళు ఒక దినపత్రికకు ఖేడ్ విలేకరిగా కూడా ఉన్నాను. పొద్దున వార్త పంపేసి మధ్యాహ్నం సంచి భుజాన వేసుకునేవాణ్ణి. ఒకటి జరిగింది జరిగినట్టు చెప్పే పని, ఇంకోటి జరగనిది జరిగినట్టు చూపే పని. రెండింటిలోనూ తప్పు నలుగురి ముందే దొరుకుతుంది.

నిరుడు వేళ్ళు మొద్దుబారడం మొదలైంది. మానేశాను.

నేర్చుకుంటామని ఇప్పటికీ అప్పుడప్పుడు ఎవరో ఒకరు ఇంటికి వస్తుంటారు. ఫోన్లో చూసి చేతులు బాగానే తిప్పుతారు, నాకంటే వేగంగా తిప్పేవాళ్ళు కూడా ఉన్నారు. సామాను ఎక్కడ దొరుకుతుందని అడుగుతారు. ఆట చెడిపోతే ఏం చేయాలని మాత్రం అడగరు. చెడిపోతుంది. నెలకు ఒక్కసారైనా చెడిపోతుంది. ఈ పనిలో నాకు తెలిసిందంతా చెడిపోయిన ఆటల నుంచి తెలిసిందే, అందుకని వాటి గురించే రాస్తున్నాను.

పాలు కారిన మధ్యాహ్నం

నాకు పని నేర్పింది బీదర్‌కు చెందిన ఖాదర్ ఉస్తాద్. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. ఎండాకాలంలో కూడా నల్లకోటు విప్పేవాడు కాదు. కోటు విప్పితే మ్యాజిక్ అంతా కింద పడిపోతుందని ఆయనే జోకు వేసేవాడు. ఆయన దగ్గర చేరేనాటికి నాకు ఇరవై ఆరేళ్ళు.

ఖేడ్‌లోనే ఒక హైస్కూల్లో నాకు మొదటిసారి సొంతంగా ఒక ఆట ఇచ్చాడు. దినపత్రికను పొట్లంలా చుట్టి అందులో పాలు పోయడం, తర్వాత కాగితం విప్పి చూపించడం. పాలు ఉండవు, కాగితం తడవదు. కాగితం మడతల్లో దాచిన ప్లాస్టిక్ సంచి ఆ పని చేస్తుంది. ఆ రోజు సంచికి చిల్లు ఉంది. ఆట చూపించే ముందు నీళ్ళు పోసి చూసుకోవాలి. నేను చూసుకోలేదు.

పాలు నా మోచేతి మీదుగా ప్యాంటు మీదికి కారాయి. ముందు వరుసలో ఉన్న పిల్లలు పడీపడీ నవ్వారు. నేను కాగితం నేలకేసి కొట్టి, "ఏంది నవ్వుతున్నరు? క్రమశిక్షణ లేదా?" అని అరిచాను. హెడ్మాస్టరు లేచి నిలబడ్డాడు. పిల్లలు చప్పుడు చేయడం మానేశారు. మిగతా అరగంట ఉస్తాద్ ఎంత మంచి ఆటలు చూపించినా ఒక్కరు కూడా చప్పట్లు కొట్టలేదు.

తిరుగు బస్సులో ఆయన ఆ తడిసిన సంచి చేతిలోకి తీసుకున్నాడు. అప్పుడు అడిగాడు.

"బేటా, చిల్లు ఎక్కడున్నది?"

"సంచికి ఉస్తాద్."

"మరి పిల్లలను ఎందుకు కొట్టినవ్?"

"నేను కొట్టలే."

"నోటితోని కొట్టినవ్. నవ్వుడానికే గదా వాళ్ళను కూసోబెట్టినం. నవ్విన్రు. నీ ఆట ఫెయిల్, వాళ్ళ ఆట పాస్."

నెల రోజులు నాకు ఇంకో ఆట ఇవ్వలేదు. సామాను తుడిచే పని పెట్టాడు.

జాతరకు పోయిన పావురం

ఉస్తాద్ తాను తప్పు చేసినప్పుడు ఏం చేసేవాడో చూసి నేర్చుకున్నదే ఎక్కువ. నాగల్‌గిద్ద దిక్కు ఒక జాతరలో ఆయన కోటు లోపలి నుంచి పావురం ముందే జారిపోయింది. ఇంకా ఖాళీ పెట్టె చూపిస్తున్నాడు, పావురం ఎగిరి మైకు గొట్టం మీద కూర్చుంది. అది సరిహద్దు ఊరు, సగం మంది కన్నడంలో మాట్లాడుతారు. "హారి హోయ్తు! హారి హోయ్తు!" అని, అంటే ఎగిరిపోయిందని, అరిచారు.

ఉస్తాద్ తల ఎత్తి పావురాన్ని చూశాడు. తొందరపడలేదు. నెమ్మదిగా సలాం చేశాడు.

"పోనీ భాయ్. దానికి గూడ జాతర సూడాలని ఉండదా? మనకే ఉంటదా?"

జనం నవ్వారు. ఆయన పెట్టెను పక్కకు పెట్టి తాళ్ళ ఆట మొదలుపెట్టాడు. పావురం వైపు మళ్ళీ చూడలేదు. ఆయన చూడలేదు కాబట్టి జనమూ దాన్ని మర్చిపోయారు. పావుగంట తర్వాత మాట్లాడుతూనే అరచేతిలో నాలుగు జొన్నగింజలు పెట్టుకుని చెయ్యి చాపాడు. పావురం దిగి వచ్చి చేతి మీద వాలింది. పెట్టెలోంచి వచ్చి ఉంటే అంతమంది లేచి నిలబడేవాళ్ళు కాదు.

ఇందులో పని నేర్చుకునేవాళ్ళకు కావలసింది చాలా ఉంది. ఏం చేయబోతున్నావో ముందు చెప్పకు. చెప్పకపోతే ఏది తప్పిందో జనానికి తెలియదు. తప్పినప్పుడు చేతులు ఆపు, కాళ్ళు ఆపు, ఊపిరి తీసుకో. ఆ రెండు క్షణాలు నీకు యుగంలా అనిపిస్తాయి గానీ చూసేవాళ్ళకు అదీ ఆటలో భాగమే. ప్రతి ఆటకూ ఇంకో ముగింపు జేబులో ఉంచుకో. క్షమించండి, క్షమించండి అని పదిసార్లు అనకు, అది జనానికి బరువు.

ఇవన్నీ మంచివే. వీటితో పాటు ఉస్తాద్ నాకు ఒక మాట కూడా ఇచ్చాడు. ఆట తప్పినప్పుడు కళ్ళు చిట్లించి జనం వైపు చూసి, "ఎవరి చూపో పడ్డది నా ఆట మీద" అనాలి. పక్కన సామాను పట్టుకున్న ప్రేక్షకుడి వైపు తిరిగి, "నీ చేతుల ఏమున్నదో గాని నా మంత్రమే పారుత లేదు" అనాలి. అందరూ నవ్వుతారు. ఆ నవ్వులో రెండో ముగింపుకు టైము దొరుకుతుంది. ఆ మాట నేను పద్దెనిమిదేళ్ళు వాడాను. ఒక్కసారి కూడా వట్టిపోలేదు.

రెండు నిమ్మకాయలు

మనూర్ దాటిన తర్వాత ఒక ఊరు. పేరు రాయను. మనుషుల పేర్లు కూడా మార్చాను. సోయా పంట ఇళ్ళకు చేరిన తర్వాత అక్కడి బడి వార్షికోత్సవానికి పిలిచారు. బడి ముందు ఖాళీ జాగాలో ఊరంతా కూర్చుంది.

నేను ఉంగరం ఆట మొదలుపెట్టాను. ఒకరి దగ్గర ఉంగరం అడిగి తీసుకుని రుమాలులో చుడతాం. ఉంగరం మాయమవుతుంది. ఇంకొకరి చేతిలో ఉన్న నిమ్మకాయను కోస్తే అందులో ఉంటుంది. సర్పంచ్ కోడలు సంగీత ఉంగరం ఇచ్చింది. నిమ్మకాయ పట్టుకోవడానికి ముందు వరుసలో కూర్చున్న ఈరమ్మను లేపాను. అరవై దాటిన మనిషి, భర్త లేడు, కూలికి పోతుంది. ఆమెనే ఎందుకు లేపానంటే, మిగతా ఆటలకు అందరికంటే ఎక్కువ నవ్వింది ఆమె.

నా సంచిలో రెండు నిమ్మకాయలు ఉన్నాయి. ఒకటి మంచిది. ఇంకోదానికి తొడిమె దగ్గర సన్నటి గాటు ఉంటుంది. సంచిలో చెయ్యి పెట్టినప్పుడు అరచేతిలో దాచిన ఉంగరాన్ని ఆ గాటులోకి దూర్చి, ఆ కాయనే బయటికి తీయాలి. నేను ఉంగరం దూర్చాను. బయటికి తీసింది మాత్రం గాటు లేని మంచి కాయ. అదే ఈరమ్మ చేతిలో పెట్టాను.

కోశాను. రసం కారింది. ఉంగరం లేదు.

నాకు వెంటనే అర్థమైంది. చేతులు ఆపాను, ఊపిరి తీసుకున్నాను. అన్నీ ఉస్తాద్ చెప్పినట్టే చేశాను. ఈరమ్మ వైపు తిరిగి కళ్ళు చిట్లించాను.

"అవ్వా, నీ చేతుల ఏమున్నదో గాని నా మంత్రమే పారుత లేదు!"

ఈరమ్మ నవ్వింది. ఆమె ఒక్కతే నవ్వింది.

నేను దాన్ని పట్టించుకోలేదు. "ఇగ వేరే చెయ్యి సూద్దాం" అని, సంచిలోంచి ఇంకో నిమ్మకాయ తీసి సర్పంచ్ చేతిలో పెట్టాను. కోస్తే ఉంగరం ఉంది. చప్పట్లు మోగాయి. సంగీత ఉంగరం తీసుకుని కొంగుతో మూడుసార్లు తుడిచి వేలికి పెట్టుకుంది. నిమ్మరసం అంటింది కదా అనుకున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో కూర్చుని, తప్పును ఎంత నేర్పుగా సర్దుకున్నానో అని నా భుజం నేనే తట్టుకున్నాను.

టీచరమ్మ తెచ్చిన వార్త

మూడు వారాల తర్వాత ఒక శనివారం మధ్యాహ్నం ఆ బడి టీచరు సరళ మా ఇంటికి వచ్చింది. నేను పెట్టెకు రంగు వేసుకుంటున్నాను.

"సార్, మొన్న మా ఊర్ల ఈరమ్మ చేతుల నిమ్మకాయ పెట్టిన్రు గదా."

"పెట్టిన. ఆట మంచిగనే అయ్యింది గదా?"

"ఆట మంచిగనే అయ్యింది సార్. ఈరమ్మ పనే మంచిగ లేదు."

కూర్చోబెట్టి అడిగాను. ఆమె చెప్పింది ఇది. మంత్రం ఈరమ్మ చేతిలో పారలేదు, సర్పంచ్ చేతిలో పారింది, ఊరంతా కళ్ళతో చూసింది. సారు నోటితో సారే చెప్పిండు. అంటే సారు మంత్రం కంటే పెద్దది ఏదో ఆమె చేతిలో ఉంది. మా ప్రాంతంలో చేతబడిని బాణామతి అంటారు. ఆ మాట మొదట బావి దగ్గర, తర్వాత హోటల్ దగ్గర వచ్చింది. వారానికల్లా సంగీత బిడ్డకు వాంతులు, జ్వరం పట్టుకున్నాయి. ఖేడ్ దవాఖానలో రెండు రోజులు ఉంచితే తగ్గింది. తగ్గినా మాట తగ్గలేదు. సంగీత ఉంగరం ఈరమ్మ చేతికి పోయి వచ్చింది, అందుకే బిడ్డకు అయిందన్నారు. నిజానికి ఆ ఉంగరం ఈరమ్మ చేతికి పోనే లేదు. అదే కదా నా తప్పు!

"దుర్గమ్మ కూలి గుంపుల ఆమెను పనికి పిలుస్త లేరు. పక్కన ఎవ్వరు కూసుంట లేరు. ఇంకో పిల్లకు ఏమన్న అయితే ఊకునేది లేదని పోరగాళ్ళు అంటున్నరు. మీరు ఒకసారి వచ్చి చెప్పున్రి సార్."

"నేను నవ్వులాటకు అన్న అమ్మా."

"నవ్వులాట అని మీకు తెలుసు. వాళ్ళకు ఎట్ల తెలుస్తది?"

విలేకరిగా ఉన్నప్పుడు నేను బాణామతి వార్తలు రాసినవాణ్ణి. అనుమానంతో ఒక ముసలాయన పళ్ళు పీకేస్తే, ఆసుపత్రిలో ఆయన మంచం పక్కన నిలబడి రాసుకున్నాను. ఊళ్ళలో ఆ అనుమానం ఎంత చిన్న మాట నుంచి మొదలవుతుందో నాకంటే తెలిసినవాళ్ళు ఖేడ్‌లో తక్కువ. బయటివాడైతే తెలియక అన్నాడనుకోవచ్చు. నేను తెలిసి, అలవాటు మీద అన్నాను. ఒక నిమ్మకాయ ముసలామె చేతిలో పెట్టి మరీ అన్నాను.

వస్తానని సరళతో అన్నాను. వెళ్ళలేదు. క్రిస్మస్ కార్యక్రమాలు వరసగా ఉన్నాయని నాకు నేను చెప్పుకున్నాను. తొమ్మిది రోజులు అలా గడిచాక ఆమె ఫోన్ చేసింది.

"సార్, పొద్దున లేచి సూస్తే ఈరమ్మ తలుపుకు చెప్పు, చీపురు కట్టున్నయి."

ఉస్తాద్‌తో ఒక మాట

మర్నాడు బీదర్ వెళ్ళాను. ఉస్తాద్ అప్పటికి పని మానేసి మంచం మీదే ఎక్కువ ఉంటున్నాడు. అంతా విన్నాడు.

"పో. మాఫీ అడుగు. కిటుకు మాత్రం చెప్పకు."

"కిటుకు చెప్పకుంటే ఎవ్వరు నమ్మరు ఉస్తాద్."

"కిటుకు నీదొక్కనిదా? నా ఉస్తాద్ నాకిచ్చిండు, నేను నీకిచ్చిన. పది మంది బతుకుతున్నరు దాని మీద."

"నిజమే. ఒక్కామె బతుకు బంద్ అయ్యింది గూడ దాని మీదనే."

ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ తర్వాత ఏడాదిన్నర నాతో మాట్లాడలేదు. మాట్లాడటం మొదలుపెట్టాక కూడా ఆ సంగతి మేమిద్దరం ఎత్తలేదు. చాలా విషయాల్లో ఆయన చెప్పిందే నిజమని ఇప్పటికీ అంటాను. ఈ ఒక్క విషయంలో ఆయన తప్పు. రహస్యం దాచడం మా పనికి మర్యాద. ఆ మర్యాద కోసం ఇంకొకరు దెబ్బ తినాలంటే అది మర్యాద కాదు.

బస్సులో వస్తుంటే పత్రిక రోజుల సంగతి ఒకటి గుర్తొచ్చింది. ఒకసారి నేను దొంగతనం వార్తలో దొంగ ఇంటిపేరు తప్పు రాస్తే, అది ఏ పాపం తెలియని ఇంకో మనిషి పేరైంది. మర్నాడు లోపలి పేజీలో మూడు లైన్ల సవరణ వేశారు. ఆ మనిషి పత్రిక పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. "తప్పు ముందు పేజీల రాస్తివి. సవరణ లోపల రాస్తివి. మా వియ్యంకుడు లోపలి పేజీ సదువడు సారూ" అన్నాడు. డెస్క్ ఇన్‌చార్జికి చెబితే అది పద్ధతి అన్నాడు. పద్ధతి కావచ్చు. మనిషి చెప్పింది న్యాయం. సర్పంచ్ ఇంటికి వెళ్ళి నాలుగు మాటలు చెప్పి వచ్చేద్దామని అప్పటిదాకా నా మనసులో ఉంది. ఆ ఆలోచన మానుకున్నాను. అదే జాగాలో, అదే జనం ముందు చెప్పాలి.

మళ్ళీ అదే జాగా

ఆదివారం సాయంత్రం నాలుగింటికి వెళ్ళాను. ఖేడ్ మ్యాజిక్ సారు ఉంగరం ఆట నేర్పిస్తాడని సరళ ఊళ్ళో చెప్పించింది. అందుకే మొన్నటికంటే ఎక్కువమంది వచ్చారు. ఈరమ్మ బడి గోడకు ఆనుకుని, అందరికీ దూరంగా కూర్చుంది. ఆమె చుట్టూ నాలుగు మంచాలు పట్టేంత ఖాళీ.

నేను నిలబడి జరిగింది చెప్పాను. సంచిలో రెండు కాయలున్నాయి, తప్పు కాయ తీసింది నేను, ఆమె చేతిలో ఏమీ లేదు, నా దగ్గర మంత్రమూ లేదు, తప్పు కప్పుకోవడానికి ఆ మాట అన్నాను.

వెనక నుంచి మల్లప్ప అనే రైతు లేచాడు.

"సారూ, ఒక్క మాట. నిన్ను ఎవరన్న బెదిరించిన్రా?"

"లేదు."

"మరి గింత దూరం వచ్చి నీ పేరు నువ్వే ఖరాబ్ చేసుకుంటున్నవేంది? ఎవ్వడన్న చేస్తడా గట్ల? నిన్ను గూడ పట్టినట్టున్నది."

కొన్ని తలలు అవునన్నట్టు ఊగాయి. ఇన్నేళ్ళలో అంత ఘోరంగా ఏ ఆటా చెడలేదు. నిజం చెబితే అది కూడా ఆమె మీదికే పోయింది.

ఇక మాటలు పని చేయవని అర్థమైంది. సంచి బోర్లించాను. మూడు డజన్ల నిమ్మకాయలు తెచ్చాను. గాటు ఎట్లా పెట్టాలో, ఉంగరం ఎట్లా దూర్చాలో, రుమాలు అంచులో ఇంకో ఉంగరం ఎట్లా కుట్టి ఉంటుందో అందరికీ కనిపించేలా, నెమ్మదిగా చేశాను. తర్వాత, "ఇప్పుడు మీరు చెయ్యిండ్రి" అని నా ఉంగరం తీసి ఇచ్చాను.

ముందు దుర్గమ్మ వచ్చింది. కూలి గుంపును ఆమే పోగు చేసి తీసుకుపోతుంది. ఎవరికి పని ఉందో ఎవరికి లేదో ఆమె చేతిలో మాట. పట్టి పట్టి చూసి, నేను చెప్పినట్టే చేసింది. సర్పంచ్ పట్టుకున్న కాయ కోస్తే ఉంగరం బయటపడింది. ఆమె ఉంగరాన్ని చూసింది, తన చేతిని చూసుకుంది.

"గింతేనా?"

"గింతే."

"గీ దానికా మేము నెల దినాల నుంచి..." అని ఆగిపోయింది.

మల్లప్ప తనకూ ఇమ్మన్నాడు. మోటు చేతులు, తొందర మనిషి. సంచిలోంచి చెయ్యి తీసేటప్పుడు ఉంగరం వేళ్ళ సందులోంచి జారి అందరి ముందు నేల మీద పడి దొర్లింది. చేతిలో ఉన్నది మంచి కాయ.

ఆడవాళ్ళ మధ్య నుంచి ఎవరో అన్నారు. "అయ్యో, మల్లప్ప చేతుల గూడ పారుత లేదే! ఇగ ఆయన తలుపుకు గూడ చెప్పు కట్టుండ్రి!"

అందరూ గొల్లున నవ్వారు. నవ్వు సగంలోనే ఆగిపోయింది. చెప్పు కట్టినవాళ్ళు కూడా అక్కడే ఉన్నారు కదా. మల్లప్ప ఉంగరం ఏరుకుని నాకు ఇచ్చి, వెళ్ళి కూర్చున్నాడు.

నేను ఒక నిమ్మకాయ తీసుకుని ఈరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆమె కూడా చేసి చూపిస్తే బాగుంటుందని నా ఆలోచన.

"నాకెందుకు?" అంది. "తప్పు నీదైతే పరీక్ష నాకేంది?"

కాయ జేబులో వేసుకున్నాను.

"తప్పు నాదే అవ్వా."

"నాకు చెప్పుడెందుకు? గాళ్ళకు చెప్పు."

"చెప్పిన."

"మల్ల చెప్పు."

వెనక్కి తిరిగి మళ్ళీ చెప్పాను. ఈసారి ఎవరూ లేవలేదు.

ఆ తర్వాత

ఆ ఊరి నుంచి ఖేడ్ దాకా ఉంగరం ఆట కిటుకు వారంలో పాకింది. నేను దాన్ని మళ్ళీ చేయలేకపోయాను. బీదర్‌లో, జహీరాబాద్‌లో పని చేసే ఇద్దరు ముగ్గురు నా ముఖం చూడటం మానేశారు. వాళ్ళ కోపం నాకు అర్థమవుతుంది.

అప్పటి నుంచి ఆట తప్పితే, "నా చెయ్యి తప్పింది, మల్ల సూపిస్త" అనే అన్నాను. ఆ మాటకు పెద్దగా నవ్వు రాదు. కానీ జనం కొంచెం ముందుకు జరిగి కూర్చుంటారు. మళ్ళీ చేస్తే చప్పట్లు రెట్టింపు వస్తాయి. పాలు కారిన రోజు నేను కోపంతో తప్పును పిల్లల మీదికి తోశాను. ఈరమ్మ దగ్గర నవ్వుతో తోశాను. కోపంతో తోస్తే అందరికీ కనిపిస్తుంది, నవ్వుతో తోస్తే మనకే కనిపించదు. తప్పును సొగసుగా సర్దుకోవడం అంటే మన పరువు కాపాడుకోవడం అని నాకు నేర్పారు, నేనూ అలాగే నేర్పాను. ఎవరి మీదా పడకుండా దాన్ని కిందికి దించడం అసలు పని.

నెల రోజుల తర్వాత ఒక పొద్దున ఆ ఊరికి వెళ్ళాను. ఏమైందో కళ్ళతో చూడాలనిపించింది. ఊరి బయట రోడ్డు మీద కూలికి పోయే ఆటో నిండా ఆడవాళ్ళు. దుర్గమ్మ డ్రైవర్ పక్కన కూర్చుంది. వెనక సీట్లో ఇద్దరి మధ్య ఇరుక్కుని, ఒడిలో సద్ది గిన్నెతో ఈరమ్మ.

"ఏం సారూ, గింత పొద్దున! మల్ల ఏం తప్పు చేసినవ్?" అని దుర్గమ్మ అడిగింది. ఆటో అంతా నవ్వింది.

"ఏం చెయ్యలే. అవ్వను సూసిపోదామని వచ్చిన."

"సూడు. ఎవ్వలు ఎత్తుకపోలే ఆమెను."

నేను ఈరమ్మ దగ్గరికి వెళ్ళి, అందరూ మంచిగా ఉంటున్నారా అని అడిగాను. "కొందరు" అంది. సంగీత ఇప్పటికీ ఆమె కనిపిస్తే బిడ్డ మీద కొంగు కప్పుతుందట. అది చెప్పేటప్పుడు ఆమె గొంతులో కోపం లేదు.

డ్రైవర్ ఆటో స్టార్ట్ చేశాడు. ఈరమ్మ తల బయటికి పెట్టింది.

"సారూ, గా మాట ఇంకో ఊర్ల అనకు. మా ఊర్ల టీచరమ్మ ఉండె, వచ్చి నీకు చెప్పింది. అన్ని ఊర్లల్ల ఉంటరా?"

ఆటో కంది చేల వైపు వెళ్ళిపోయింది. మనూర్ నుంచి వచ్చే బస్సుకు ఇంకా గంట ఉంది. రోడ్డు పక్క రాయి మీద కూర్చుని, పద్దెనిమిదేళ్ళలో ఆ మాట ఏ ఏ ఊళ్ళలో అన్నానో, ఎవరెవరి చెయ్యి చూపించి అన్నానో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. కొన్ని ఊళ్ళు గుర్తొచ్చాయి. ముఖాలు చాలా తక్కువ.

గుర్తొచ్చిన ఊళ్ళలో కొన్నింటికి తర్వాత తిరిగి వెళ్ళాను. అన్నింటికీ వెళ్ళలేదు.